వోల్టా ఎ కతలున్యా, ఆకలి రోజుల్లో (పాత శీర్షిక: వోల్టా, వుయెల్టా ఒకటేనా?)

రాత్రిరేసు
మార్చి 24, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మార్చి చివరికొచ్చిందంటే నాకు వోల్టా పిచ్చి మొదలవుతుంది. అదేనండీ, స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం చుట్టి వచ్చే సైకిల్ రేసు. రోజుకొక స్టేజీ చొప్పున తొక్కుతారు, అది ముగిసేసరికి మనకు రాత్రి తొమ్మిది. ఈలోగా కంచంలో అన్నం చల్లారిపోతుంది, ఇంట్లో చీవాట్లు మామూలే.

సంగతికి వస్తాను. బార్సిలోనా క్రీడాపత్రిక ముందో దెపోర్తివో పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. నిన్న సరదాగా 1952 సంచికలు తిరగేశాను. భాష రాదు, ఫోనే తర్జుమా చేసిపెడుతుంది. ఆ తర్జుమా ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. కాటలోనియా రేసు గురించి ఎక్కడ రాసినా ‘వుయెల్టా’ అనే ఉంది, గెలిచింది మిగెల్ పోబ్లెట్ అని ఉంది. వుయెల్టా అంటే స్పెయిన్ మొత్తం తిరిగే పెద్ద రేసు కదా! తీరా దాని విజేతల జాబితా తీస్తే అందులో 1952 అనే ఏడాదే లేదు. 51 లేదు, 53 లేదు, 54 కూడా లేదు. మరి పోబ్లెట్ గెలిచిందేమిటి? ఇవి రెండు రేసులా, ఒకటేనా?

ఇంకో డౌటు. 1936–39లో స్పెయిన్ అంతర్యుద్ధం, దాని వెనకే ప్రపంచయుద్ధం, తిండికి రేషన్. అలాంటి రోజుల్లో రేసు నడిపిందెవరు, తొక్కిందెవరు? తెలిసినవాళ్ళు చెప్పండి.

చరిత్ర_మాస్టారు
మార్చి 24, రాత్రి 10:51

రేసు ఒకటే బాబూ, భాషలు రెండు. కాటలాన్‌లో వోల్టా అంటారు, స్పానిష్‌లో వుయెల్టా అంటారు. రెండిటికీ చుట్టి రావడం అనే అర్థం, మన ప్రదక్షిణ లాంటిది. 1939 జనవరి 26న, ఆ అంతర్యుద్ధం గెలిచి స్పెయిన్ నియంత అయిన ఫ్రాంకో సైన్యం బార్సిలోనాలో అడుగుపెట్టింది. ఆ తర్వాత కాటలాన్ భాషను బడుల్లోంచి, ఆఫీసుల్లోంచి, పత్రికల్లోంచి వెళ్ళగొట్టారు. దాంతో రేసు పేరు కూడా అచ్చులో ‘వుయెల్టా ఎ కతలూన్యా’ అయింది. మనుషుల పేర్లకూ అదే గతి. ఇంట్లో మికెల్ అని పిలుస్తారు, కాగితం మీద మిగెల్ అని ఉంటుంది. నువ్వు చూసిన పోబ్లెట్ అలాంటివాడే.

స్పెయిన్ వుయెల్టా 1935లో పుట్టింది. వోల్టా 1911ది. ఫ్రాన్స్ టూర్ 1903, ఇటలీ జిరో 1909, వాటి వెంటే ఇది. తమ్ముడి పేరు తెచ్చి అన్నకు తగిలించినట్టయింది. మొదటి ఏడాది మూడే స్టేజీలు: బార్సిలోనా నుంచి తరగోనా, అక్కణ్ణుంచి లేయిదా, మళ్ళీ బార్సిలోనా. అదీ జనవరి చలిలో. గెలిచినవాడు సెబాస్తియా మస్దేవు.

ఇక 1952లో స్పెయిన్ వుయెల్టా ఎందుకు లేదంటే, అసలు జరగలేదు కనక. 1950లో ఒకసారి జరిపి ఆపేశారు. మళ్ళీ 1955లో బిల్బావో పత్రికవాళ్ళు పూనుకుంటే గానీ లేవలేదు.

అడ్డదిడ్డం
మార్చి 24, రాత్రి 11:20

చరిత్ర బాగుంది కానీ మాస్టారూ, నిజం మాట్లాడుకుందాం. నలభైల్లో ఆ రేసుకి బయటివాళ్ళెవరొచ్చారు? యూరప్ అంతా యుద్ధంలో ఉంది. ఊళ్ళోవాళ్ళే తొక్కి, ఊళ్ళోవాళ్ళే గెలిచి, ఊళ్ళో పత్రికలోనే వేసుకున్నారు. అది ప్రాంతీయ రేసు, అంతే. పైగా నియంత పాలనలో ఆటలన్నీ ప్రచారం కోసమే. ఆ విజేతల పేర్లు ఇవాళ కూర్చుని లెక్కపెట్టడం వడ్లగింజలో బియ్యపుగింజ వెతకడమే.

పెడల్_పద్మ
మార్చి 25, ఉదయం 6:05

అడ్డదిడ్డం గారూ, పొద్దున్నే గొడవ పెట్టుకోను కానీ ఒక్క చిన్న లెక్క చెప్పండి. 1939 నుంచి 1954 దాకా పదహారేళ్ళు. అందులో స్పెయిన్ వుయెల్టా ఎన్నిసార్లు జరిగింది? నేను చూసి చెప్తున్నా: 41, 42, 45, 46, 47, 48, 50. మొత్తం ఏడు. మరి వోల్టా? పదహారుకి పదహారు.

జాతీయ రేసు పడుతూ లేస్తూ ఉంటే, మీరు ప్రాంతీయం అని తీసిపారేసినదే ఏటా నడిచింది. ఆ కాలంలో స్పెయిన్‌లో సైకిల్ రేసు అంటే అది వోల్టాయే.

అడ్డదిడ్డం
మార్చి 25, ఉదయం 9:48

ఏటా జరిగినంత మాత్రాన గొప్పదైపోదు పద్మ గారూ. మా వీధిలో వినాయక చవితి కూడా ఏటా జరుగుతుంది.

చరిత్ర_మాస్టారు
మార్చి 25, మధ్యాహ్నం 1:15

అడ్డదిడ్డం, బయటివాళ్ళు రాలేదన్నావు కదా. 1940లో గెలిచింది లక్సెంబర్గ్ మనిషి క్రిస్తోఫ్ దిదియే. అదే ఏడాది మేలో అతని దేశం జర్మన్ల చేతిలోకి పోయింది. 1949లో ఫ్రెంచ్‌వాడు ఎమిల్ రోల్. 1951లో ఇటాలియన్ ప్రీమో వోల్పీ, 1954లో ఇంకో ఇటాలియన్ వాల్టర్ సెరేనా, 1958లో బెల్జియం నుంచి రిచర్డ్ వాన్ గెనెక్టెన్. ఇతను బెల్జియంలో పేరున్న ఒకరోజు రేసు ఫ్లెష్ వలోన్‌లో 1956 విజేత. యుద్ధం మధ్యలో ఎక్కువగా స్పెయిన్ వాళ్ళే గెలిచిన మాట ఒప్పుకుంటాను. అయితే ఆ స్పెయిన్ వాళ్ళు ఎవరో కూడా చూడు.

1942లో ఫెదెరికో ఎస్కెర్రా. 1934 టూర్‌లో గలిబియే కనుమ ముందుగా దాటింది ఇతనే. 1943లో, మళ్ళీ 1946లో హులియాన్ బెర్రెందేరో. 1936 టూర్‌లో కొండల రాజు బహుమతి ఇతనిది. వీళ్ళు ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడి కొండల మీద అక్కడి వీరులతో తలపడి వచ్చినవాళ్ళు.

నువ్వు ప్రచారం అన్నావు కనక బెర్రెందేరో కథ కాస్త వివరంగా చెప్తాను. అంతర్యుద్ధం జరుగుతున్నంత కాలం అతను ఫ్రాన్స్‌లోనే ఉండి రేసులు తొక్కాడు. యుద్ధం అయిపోయాక 1939లో ఇంటికి బయలుదేరాడు. సరిహద్దు దాటీ దాటగానే పట్టుకున్నారు. పద్దెనిమిది నెలలు నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. టూర్‌లో కొండలెక్కి దేశానికి పేరు తెచ్చిన మనిషి కదా అని ఎవరూ చూడలేదు. బయటికొచ్చాక 1941లో స్పెయిన్ వుయెల్టా మళ్ళీ మొదలుపెట్టారు. నడిపింది ఎవరనుకుంటున్నావు? ప్రభుత్వ కార్మిక సంఘానికి చెందిన వినోద విభాగం. నీ మాట ప్రకారం అచ్చమైన ప్రచార రేసు. దాన్ని గెలిచింది బెర్రెందేరో. 1942లోనూ అతనే. వాళ్ళు శిబిరంలో పెట్టిన మనిషికే వాళ్ళు దండ వెయ్యాల్సొచ్చింది.

రాత్రిరేసు
మార్చి 25, మధ్యాహ్నం 1:40

అమ్మో. పద్దెనిమిది నెలలు కూర్చోబెట్టాక, కొన్ని నెలల్లోనే దేశం చుట్టూ తొక్కి గెలవడం! నేను రెండు వారాలు జ్వరంతో పడుకుంటే ఫ్లైఓవర్ ఎక్కలేకపోయాను.

బార్సిలోనా_బాబాయ్
మార్చి 25, సాయంత్రం 6:30

ఆలస్యంగా వచ్చాను, కిచెన్‌లో మధ్యాహ్నం డ్యూటీ. నేను బార్సిలోనాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఉండేది సాంట్స్ పేటలో. మీరు మాట్లాడుకునే రేసుకి పుట్టిల్లు కాకపోయినా పెంచిన ఇల్లు మాత్రం ఇదే. ఏళ్ళ తరబడి వోల్టాను నడిపింది ఈ పేట క్లబ్బు, ఉనియో ఎస్పోర్తివా సాంట్స్. కోటీశ్వరుల క్లబ్బు కాదు. ఇది బట్టల మిల్లుల పేట. సాంట్స్ రైల్వే స్టేషన్ పక్కన ఒక పార్కు ఉంది, ఎస్పాన్యా ఇండస్ట్రియల్ అని. పిల్లలు కొలనులో బాతులకు రొట్టె వేస్తుంటారు. ఒకప్పుడు అక్కడ ఉన్నది పెద్ద మిల్లు, ఆ పేరు మిల్లు పేరే.

టూర్‌ని పత్రిక నడిపింది, జిరోని పత్రిక నడిపింది. వోల్టాకీ పత్రిక అండ ఉంది, కాదనను. కానీ ఏటా చందాలు పోగేసి, ఊరూరా మనుషుల్ని కుదుర్చుకుని, నడిపించింది ఒక పేట క్లబ్బు. మన దగ్గర దేవుడి ఉత్సవం కమిటీ ఎలా నడుపుతుందో అలాగ. అడ్డదిడ్డం గారి వినాయక చవితి పోలిక నాకు నచ్చింది. ఆయన వెక్కిరింపుగా అన్నారు, నేను నిజంగానే అంటున్నాను.

ఇంకొకటి. విజేతల జాబితాలో 1936 దగ్గర మరియానో కన్యార్దో అని ఉంటుంది. కింద వరస 1939. మళ్ళీ మరియానో కన్యార్దో. మధ్యలో రెండేళ్ళు రేసు లేదు. 36లో గెలిచినవాడే 39లో గెలిచాడు. పేరు కింద పేరు చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ రెండు గీతల మధ్యే ఈ ఊరి మీద బాంబులు పడ్డాయి, ఫ్రాన్స్ దారి పట్టి లక్షల మంది నడిచి వెళ్ళిపోయారు.

పెడల్_పద్మ
మార్చి 25, సాయంత్రం 7:02

బాబాయ్, కన్యార్దో కాటలాన్ మనిషేనా?

బార్సిలోనా_బాబాయ్
మార్చి 25, సాయంత్రం 7:20

కాదమ్మా. పుట్టింది నవర్రాలో ఓలితే అనే ఊళ్ళో, 1906లో. బతుకుతెరువుకి బార్సిలోనా వచ్చి ఇక్కడివాడైపోయాడు, నాలాగే. వోల్టా ఏడుసార్లు గెలిచాడు: 28, 29, 30, 32, 35, 36, 39. ఆ రికార్డు ఇప్పటికీ ఎవడూ ముట్టుకోలేదు. ఆఖరిసారి గెలిచేనాటికి 33 ఏళ్ళు.

గేరులేని_బండి
మార్చి 25, రాత్రి 8:44

నాకు చరిత్ర తెలియదు, టైర్లు తెలుసు. మా నాన్నది సైకిల్ షాపు. రేషన్ రోజుల్లో ఎలా తొక్కారు అని అడిగారు కదా, రబ్బరు సంగతి చెప్తాను.

అప్పటి రేసు టైరు ఇప్పటి మామూలు టైరులా రిమ్ములో ఇరికేది కాదు. దాన్ని ట్యూబులర్ అంటారు. గుడ్డ తొడుగులో ట్యూబు పెట్టి, పాము పొట్టలా మూసి, లోపలివైపు దారంతో కుట్టేస్తారు. దాన్ని రిమ్ము మీద జిగురుతో అంటిస్తారు. దారిలో పంక్చరైతే అతుకు వేసే పని లేదు. టైరు మొత్తం పీకేసి, భుజాల మీద ఎనిమిది ఆకారంలో చుట్టుకున్న స్పేరు తీసి ఎక్కించి, గాలి కొట్టుకుని వెళ్ళిపోవాలి. జిగురు సరిగా అంటదు కాబట్టి మలుపుల్లో దేవుడే దిక్కు.

అసలు పని రాత్రి బసలో. నేను పాత రేసు సైకిలు ఒకటి బాగుచేస్తూ ఈ పని చేశాను, అందుకే చెప్తున్నా. ముందు రిమ్ముకి తగిలే పట్టీ ఊడదియ్యాలి. లోపల కుట్టు కనిపిస్తుంది. కన్నం ఎక్కడుందో తెలియాలంటే టైరుని నీళ్ళ తొట్టిలో ముంచాలి. కానీ గాలి ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి బయటికొస్తుంది కాబట్టి, బుడగలొచ్చిన చోటే కన్నం ఉంటుందని నమ్మకం లేదు. కుట్టు నాలుగు వేళ్ళ మేర కోసి, ట్యూబు లాగి, వెతికి, అతుకు వేసి, పాత సూదిరంధ్రాల్లోంచే మళ్ళీ కుట్టాలి. కొత్త రంధ్రం పడితే గుడ్డ చిరుగుతుంది. సూది ట్యూబుకి తగిలిందా, మళ్ళీ మొదటికి. నాకు ఒక్క టైరుకి రెండున్నర గంటలు పట్టింది, బొటనవేలు రెండు చోట్ల పొడుచుకున్నాను.

యుద్ధకాలంలో రబ్బరు దిగుమతి లేదు. రోడ్లేమో కంకర, గుంతలు. కాబట్టి ఒక్కో టైరుకి కుట్టు మీద కుట్టు పడాల్సిందే. నలభైల్లో స్పెయిన్‌లో స్టేజీ రేసు గెలిచాడంటే కాళ్ళతో పాటు సూది కూడా వచ్చినవాడని నా లెక్క.

రాత్రిరేసు
మార్చి 25, రాత్రి 9:35

ఈ పోస్టుని పైన పిన్ చెయ్యాలి మోడరేటర్ గారూ. ఇవాళ స్టేజీలో ఒకడికి పంక్చరైతే వెనక కారులోంచి కొత్త సైకిలే దింపారు, పది సెకన్లు.

పెడల్_పద్మ
మార్చి 26, ఉదయం 5:50

టైరు సరే, తిండి సంగతేంటి? నేను 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచెయ్యాల్సిన దూరపు సైకిల్ సవారీ) తొక్కేటప్పుడు అరటిపళ్ళు, ఖర్జూరాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, మధ్యలో ఇడ్లీ. గడువు పదమూడున్నర గంటలు, అందులో గంటన్నర తిండికే పోతుంది. వాళ్ళకి రొట్టె, నూనె, పంచదార, శనగలు అన్నీ కార్డు మీదే. 1939లో మొదలైన రేషన్ 1952 దాకా ఉంది. పోబ్లెట్ మొదటిసారి వోల్టా గెలిచిన ఏడే రేషన్ కార్డు పోయింది.

మిగతాది బ్లాక్ మార్కెట్. దాన్ని అక్కడ ఎస్త్రపెర్లో అంటారు. ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? ముప్పైల్లో స్ట్రాస్, పెర్లోవిట్స్ అని ఇద్దరు ఒక జూదం యంత్రం తెచ్చారు, లోపల మోసం. అనుమతి కోసం రాజకీయ నాయకులకి లంచాలిచ్చారని బయటపడి ప్రభుత్వమే ఊగిపోయింది. యంత్రం పోయింది, ఇద్దరి పేర్లూ కలిపిన మాట మాత్రం మిగిలింది. యుద్ధం తర్వాత దొంగ బియ్యం, దొంగ పిండి అన్నిటికీ అదే పేరు.

ఈ ఎస్త్రపెర్లోలోంచే కొండల వీరుడు బహమోంతెస్ వచ్చాడు. టోలెడోలో మార్కెట్లో పనిచేస్తూ పాత సైకిలు ఒకటి కొని, దాని మీద సరుకు దొంగచాటుగా చేరవేసేవాడు. ఆ బరువుతోనే కొండలెక్కే కాళ్ళు వచ్చాయని నా అనుమానం.

అడ్డదిడ్డం
మార్చి 26, ఉదయం 10:10

బహమోంతెస్‌ని ఎందుకు లాగుతారు? ఆయన వోల్టా ఎన్నడూ గెలవలేదు. 1959 టూర్ గెలిచాడు, స్పెయిన్ నుంచి మొదటివాడు. అదీ పెద్ద రేసంటే.

రాత్రిరేసు
మార్చి 26, ఉదయం 10:31

మొదటివాడు పోబ్లెట్ కాదా? 1955 టూర్‌లో, ముందంజలో ఉన్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్నాడని చదివానే?

చరిత్ర_మాస్టారు
మార్చి 26, మధ్యాహ్నం 12:55

వేసుకోవడం వేరు, చివరికి ప్యారిస్‌లో ఒంటి మీద ఉండటం వేరు బాబూ. 1955 టూర్ మొదటి రోజు ఉదయం లె హావ్ర్ నుంచి ద్యెప్ వెళ్ళే స్టేజీ పోబ్లెట్ గెలిచాడు. దాంతో పసుపు జెర్సీ వేసుకున్న మొదటి స్పానిష్ పౌరుడయ్యాడు. అదే టూర్‌లో ప్యారిస్‌లో ముగిసే ఆఖరి స్టేజీ కూడా కొట్టాడు. టూర్ గెలుపు మాత్రం లూయిసన్ బోబేది. పోబ్లెట్ స్ప్రింటరు. ఆఖరి రెండు వందల మీటర్లలో పిడుగు.

అతని సంగతి చెప్తే అడ్డదిడ్డానికి జవాబు దొరుకుతుంది. పుట్టింది 1928లో, బార్సిలోనా పక్కనే ఉన్న మోంకాదాలో. 1952లో వోల్టా గెలిచేనాటికి 24 ఏళ్ళు. ఆ తర్వాత ఏం చేశాడు? 1956లో టూర్, జిరో, వుయెల్టా మూడింటిలోనూ స్టేజీలు గెలిచాడు. ఒకే ఏడాదిలో ఆ పని చేసిన మొదటివాడు ప్రపంచంలో ఇతనే. 1957లో మిలన్–సాన్ రెమో. 1959లో మళ్ళీ మిలన్–సాన్ రెమో. దాదాపు 300 కిలోమీటర్ల రేసు అది. ఇటలీలో ఫ్రిజ్‌లు చేసే ఇగ్నిస్ కంపెనీ తన జట్టులోకి తీసుకుంది. జిరోలో మొత్తం 20 స్టేజీలు. 1960లో ఇంటికొచ్చి వోల్టా రెండోసారి గెలిచాడు.

ఊళ్ళో రేసు అన్నావే, ఆ ఊళ్ళో రేసులో పదును పెట్టిన కత్తి ఇది.

అడ్డదిడ్డం
మార్చి 26, మధ్యాహ్నం 2:20

పోబ్లెట్ విషయంలో ఒప్పుకుంటున్నాను. ఒక్కడు.

పెడల్_పద్మ
మార్చి 26, మధ్యాహ్నం 2:33

ఒక్కడేనా? 1945లో గెలిచిన బెర్నార్దో రూయిస్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. 1948లో స్పెయిన్ వుయెల్టా గెలిచాడు. 1952 టూర్‌లో కొప్పీ, ఓకెర్స్ తర్వాత మూడోవాడు. టూర్ పోడియం ఎక్కిన మొదటి స్పానిష్ మనిషి. 2025 జనవరి 1న పోయాడు, వందేళ్ళకి వారం తక్కువ.

1947, 48 విజేత ఎమిలియో రోద్రిగెస్. ఈయన ఇంటి కథ ఇంకా సరదా. గలీసియాలో పోంతెయారెయాస్ అనే ఊళ్ళో నలుగురు అన్నదమ్ములు, నలుగురూ రేసు తొక్కేవాళ్ళే. దేలియో 1945 వుయెల్టా గెలిచాడు. వుయెల్టాలో ఆయన గెలిచిన 39 స్టేజీలు ఇప్పటికీ రికార్డే. ఎమిలియో 1950 వుయెల్టా గెలిస్తే, రెండో స్థానంలో వచ్చింది తమ్ముడు మనోలో. ఆ ఇంట్లో వంట గిన్నె ఎంతుండేదో అని ఆలోచిస్తుంటాను.

అడ్డదిడ్డం గారూ, ఇప్పటికి ఎంతమంది?

మోడరేటర్
మార్చి 26, మధ్యాహ్నం 3:00

చర్చ బాగుంది, స్కోరు బోర్డు వద్దు. మాట రేసు మీదే ఉండనివ్వండి.

గేరులేని_బండి
మార్చి 26, రాత్రి 9:10

ప్రాంతీయ రేసుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, కాటలోనియా కాదు, బాస్క్ వైపు. ఎయిబార్ అని లోయలో ఇరుకైన ఊరు. తరతరాలుగా తుపాకులు చేసే ఊరు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక తుపాకులకి గిరాకీ పడిపోయింది. లేతు మిషన్లున్నాయి, గొట్టాలు చెయ్యడం వచ్చిన చేతులున్నాయి. ఏం చెయ్యాలి? సైకిళ్ళు చేశారు. ఓర్బియా 1840 నాటి తుపాకుల కంపెనీ. బీహెచ్ అంటే బెయిస్తెగి ఎర్మానోస్, బెయిస్తెగి బ్రదర్స్ అన్నమాట, వాళ్ళూ ముందు తుపాకులే. గారాతె, అనితువా అని ఇంకొకళ్ళు.

మన దగ్గర బీఎస్ఏ సైకిలు తొక్కినవాళ్ళు ఎంతమందికి తెలుసు, దాని అసలు పేరు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అని? అదే కథ. మా నాన్న షాపులో బీఎస్ఏ బోర్డు ఉండేది, నాకు ఈ సంగతి తెలిసింది నలభై ఏళ్ళొచ్చాక.

1952లో ఎయిబార్ వాళ్ళు స్టేజీ రేసు ఒకటి మొదలుపెట్టారు. పేరేంటో చూడండి: ‘గ్రాన్ ప్రెమియో దె లా బిసిక్లేతా ఎయిబర్రేసా’. ఎయిబార్ సైకిలు బహుమతి! రేసుకి దేవుడి పేరు కాదు, రాజు పేరు కాదు, వాళ్ళు తయారుచేసే వస్తువు పేరే పెట్టుకున్నారు. తర్వాత అదే ఎయుస్కల్ బిసిక్లేతా అయింది. చివరికి 2009లో బాస్క్ దేశపు పెద్ద రేసులో కలిసిపోయింది.

చరిత్ర_మాస్టారు
మార్చి 26, రాత్రి 9:55

ఆ పెద్ద రేసు కథ కూడా ఇక్కడికి సరిపోతుంది. బాస్క్ రేసు 1924లో మొదలైంది. 1935లో గెలిచింది సాక్షాత్తూ ఇటలీ దిగ్గజం జీనో బార్తలీ. తర్వాత యుద్ధం. మళ్ళీ ఏటా జరిగే రేసుగా లేచేసరికి 1969, అప్పుడు గెలిచింది ఫ్రెంచ్ దిగ్గజం జాక్ అంకెతీల్. ఆందలూసియా రేసు 1925లో ఒకసారి జరిగి ముప్పై ఏళ్ళు పడుకుంది, 1955లో లేచింది. అందుకే పద్మ చెప్పిన పదహారుకి పదహారు నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అడ్డదిడ్డం
మార్చి 27, ఉదయం 8:15

సరే, రాత్రంతా కూర్చుని నేను కూడా చదివాను. ఓడిపోయానని కాదు, ఒక్క సంగతి మీరెవరూ చెప్పలేదు. 1957లో స్పెయిన్ వుయెల్టాలో బహమోంతెస్ ముందంజలో ఉన్నాడు. వలెన్సియా నుంచి తోర్తోసా వెళ్ళే స్టేజీలో హెసూస్ లోరోన్యో గుంపు విడిపోయి ముందుకెళ్ళింది. ఇద్దరిదీ ఒకటే జట్టు. బహమోంతెస్ వెంటబడబోతే జట్టు మేనేజరు లూయిస్ పుయిగ్ ఆపాడు. సొంత జట్టువాడిని తరమకూడదని! లోరోన్యో వుయెల్టా గెలిచాడు. వీళ్ళిద్దరికీ ముందే పడదు, ఆ తర్వాత ముఖముఖాలు చూసుకునే పరిస్థితి లేదు. దేశం సగం ఒకడి వైపు, సగం ఇంకొకడి వైపు.

అదే ఏడాది వోల్టా కూడా లోరోన్యోదే. కాబట్టి 1957కి వోల్టా చిన్న రేసు కాదు. అంతకుముందు సంగతి నేను ఇంకా ఒప్పుకోలేదు.

పెడల్_పద్మ
మార్చి 27, ఉదయం 8:21

అన్నా, ఈ పోస్టుకి మాత్రం లైకు.

బార్సిలోనా_బాబాయ్
మార్చి 29, రాత్రి 11:45

ఇవాళ ఆదివారం, ఆఖరి స్టేజీ. సెలవు పెట్టి మొంజుయిక్ కొండకి వెళ్ళాను. కోట కిందికి ఎక్కే రోడ్డు మీద, బాగా నిటారుగా ఉండే చోట నిలబడ్డాను. టీవీలో ఆ ఎత్తు తెలియదు. నడిచి ఎక్కడానికే నాకు ఆయాసం వచ్చింది. వాళ్ళు అదే రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతారు. మొదటిసారి ఎక్కినప్పుడు మాటలు వినిపించాయి, ఎవడో నవ్వాడు కూడా. ఆఖరిసారి గొలుసు చప్పుడూ ఊపిరీ తప్ప ఏమీ లేదు.

పక్కనే ఒక పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, మడత కుర్చీ తెచ్చుకున్నాడు. గుంపు వచ్చినప్పుడల్లా లేచి ‘వింగా! వింగా!’ అని అరుస్తాడు. కాటలాన్ మాట అది, పద పద అని. వెళ్ళిపోగానే కూర్చుని నారింజ వొలుచుకుంటాడు. చిన్నప్పుడు కూడా చూశారా అని అడిగాను. చూశానన్నాడు, నాన్న భుజాల మీద కూర్చుని. అప్పుడు కూడా వింగా అనే అరిచేవాళ్ళా అన్నాను, ఈ చర్చ గుర్తొచ్చి. నవ్వాడు. పోలీసు దగ్గర ఉంటే పోబ్లెట్ పేరు అరిచేవాళ్ళం, దూరంగా ఉంటే వింగా అనేవాళ్ళం అన్నాడు. నిజమో, నా ముందు గొప్పకి చెప్పాడో తెలియదు. నారింజ తొన మాత్రం ఒకటి ఇచ్చాడు.

పైన కనిపించే ఆ కోటలోనే కాటలోనియా అధ్యక్షుడు ల్యూయిస్ కుంపాన్యిస్‌ని 1940 అక్టోబరు 15న కాల్చి చంపారు. దిదియే గెలిచిన ఏడాది. ఇవాళ ఆ గోడల పక్కన జనం జెండాలు ఊపుతున్నారు, పిల్లలు రైడర్లు విసిరేసిన నీళ్ళ సీసాల కోసం పరిగెత్తుతున్నారు. నాకూ ఒకటి దొరికింది, ఇంట్లో పెట్టుకున్నాను.

రాత్రిరేసు
మార్చి 30, ఉదయం 7:30

బాబాయ్, సీసా ఫొటో పెట్టండి.

మోడరేటర్ గారూ, ఒక కోరిక. ఈ చర్చకి నేను పెట్టిన శీర్షిక ఇప్పుడు చూస్తే సిగ్గుగా ఉంది. వోల్టా అని మార్చండి. గాయత్రీమంత్రం చదివినట్టు ఇన్నాళ్ళూ వోల్టా వోల్టా అంటూ, ఆ మాట వెనక ఇంత ఉందని తెలియదు.

మోడరేటర్
మార్చి 30, ఉదయం 9:00

మార్చాను. పాత పేరుతో వెతికేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి వుయెల్టా అనే మాటని కుండలీకరణాల్లో ఉంచాను. గేరులేని_బండి గారి టైరు పోస్టు పిన్ చేశాను.

గేరులేని_బండి
మార్చి 30, ఉదయం 9:12

ధన్యవాదాలు. ఆ టైరుకి నిన్న మళ్ళీ గాలి పోయింది.